గౌరమ్మ ఒక్కసారే చెప్పింది

ఇప్పటికీ నెలకు ఒకరిద్దరైనా మా ఇంటి గంట కొట్టి, కింద వాటాలో ఉండే కుచ్చుల అక్క లేదా అని అడుగుతారు. పోయిందని చెబితే అయ్యో అంటారు. వచ్చేవాళ్లు రెండు రకాలు. ఒక రకం వాళ్ల చేతిలో పట్టుచీర పెట్టిన సంచి ఉంటుంది. రెండో రకం వాళ్ల చేతిలో జాతకాల కాగితాలు ఉంటాయి. చీరలతో వచ్చినవాళ్లకు పక్క సందులో కుచ్చులు వేసే ఇంకొకామె ఇల్లు చూపిస్తాను. జాతకాలతో వచ్చినవాళ్లకు చూపించడానికి నాకు ఏ ఇల్లూ తెలియదు.

మాది అనంతపురం పక్క. పెళ్లయిన కొత్తలో మా ఆయన ఉద్యోగం కోసం బెంగళూరు వచ్చి, బళేపేట వెనక సందులో ఆమె ఇంటి పైవాటాలో అద్దెకు దిగాం. కొన్నాళ్లు చూసి వేరేచోటికి పోదామనుకున్నవాళ్లం, ఈ రోజుకూ అక్కడే ఉన్నాం. ఆ ఇల్లు ఆమె మేనత్తది. పిల్లలు లేని ఆ మేనత్త, తనను చివరిదాకా చూసుకుందని ఈమెకే రాసిచ్చి పోయింది. అక్క పుట్టింది మాత్రం దొడ్డబళ్ళాపురంలో, మగ్గాల ఇంట్లో. ఎన్నో తరాల కిందట తెలుగు సీమ నుంచి పోయి అక్కడ స్థిరపడిన కుటుంబం. ఇంట్లో తెలుగు, గడప దాటితే కన్నడం.

పట్టుచీర పమిట చివర వేలాడే దారాలను పాయలుగా విడదీసి, పూసలు గుచ్చి, ముడులు వేసి కుచ్చులుగా తీర్చడం ఆమె పని. పెళ్లి చీరలన్నిటికీ ఆ పని తప్పదు కాబట్టి ఆమెకు ఎప్పుడూ తీరిక లేదు. సందులో చిన్నాపెద్దా అందరూ కుచ్చుల అక్క అనే పిలిచేవాళ్లు. నేనూ అట్లే పిలిచాను.

మనిషి సన్నగా, పొడుగ్గా ఉండేది. కిటికీ పక్కన చాప, ఒళ్లో చెక్కపలక, పలక మీద పరిచిన పమిట. మెడలో నల్లతాడుకు కట్టిన చిన్న కత్తెర వేలాడుతూ ఉండేది గానీ దారం మాత్రం పంటితోనే కొరికేది. పన్ను కదులుతోంది, మానుకోమని డాక్టరు చెప్పాడు. కొన్నాళ్లు కత్తెర వాడింది. తర్వాత మళ్లీ పన్నే. క్రికెట్ అంటే పిచ్చి. టీవీలో ఆట వస్తుంటే తలెత్తి చూడకుండా వింటూనే పని చేసుకునేది. ఎవరైనా అనవసరంగా అవుటయితే పక్కింటి పిల్లాణ్ణి తిట్టినట్టు తిట్టేది. సాయంత్రం మలుపులో ఉన్న బేకరీకి నడిచి, కారం పట్టించిన శెనక్కాయలు పొట్లం కట్టించుకుని వచ్చేది. అందులో సగం ఇంటికి చేరేలోగా అయిపోయేవి.

ఆమెలో నాకు మొదట నవ్వు తెప్పించినది ఆమె తేల్చుకోలేనితనం. తోపుడుబండి దగ్గర వంకాయలు ఏరడం మొదలుపెడితే బండివాడు బీడీ ముట్టించుకుని కూర్చునేవాడు. బాత్రూముకు బకెట్టు కొనాలంటే పచ్చదా నీలమా అని సందులో అందర్నీ అడిగేది. నేను నీలం అంటే పచ్చ బాగుండదా అనేది, పచ్చ అంటే నీలం గురించి అడిగేది. చివరికి అంగడివాడు ఏది చేతికిస్తే అది తెచ్చుకునేది. ఒకసారి నేను ఆటపట్టించి, అంత పెద్ద విషయానికి దేవుడు చెప్పాడంటారు, బకెట్టుకు చెప్పడా అక్కా అన్నాను. ఆమె ఏమీ అనుకోలేదు. బకెట్టుకు గౌరమ్మ ఎందుకు రావాల, ఆయమ్మకు వేరే పనుల్లేవా అంది.

ఆ పెద్ద విషయం సందులో అందరికీ తెలుసు. పెళ్లినాటి పొద్దున, ముహూర్తానికి ముందు, గౌరీపూజ పీట మీదినుంచి లేచి ఈ పెళ్లి వద్దన్న మనిషి ఆమె. దేవుడు చెప్పినాడని చెప్పింది. జాతకాలవాళ్లు రావడం అందుకే. కుచ్చుల అక్కకు దేవుడు పలుకుతాడు, ఒకసారి చెప్పించుకుంటే మేలని ఎక్కడెక్కడినుంచో వచ్చేవాళ్లు. ఆమె కూర్చోబెట్టి కాఫీ ఇచ్చేది. చెప్పేదంతా వినేది. నాకేం తెలియదప్పా, గౌరమ్మ నాకు ఒక్కసారే చెప్పింది, రెండోసారి చెప్పలేదు అని పంపించేది. వాళ్లు నమ్మేవాళ్లు కాదు. ఆమె కాఫీలో చక్కెర ఎక్కువేస్తే మంచి శకునమనుకునేవాళ్లు ఉన్నారు. మాట్లాడుతుండగా ఆమెకు తుమ్మొచ్చిందని ఒక కుటుంబం మంచి సంబంధమే వదులుకుంది. ఆ సంగతి తెలిశాక ఆమె చాలా నొచ్చుకుంది. జలుబు చేసి ఉంటే కొత్తవాళ్లను గడప దాటనిచ్చేది కాదు.

ఇంకో అలవాటు ఉండేది. పెళ్లి చీర తెచ్చినవాళ్లను, పెళ్లికూతురే వచ్చి కుచ్చుల రకం ఎంచుకోవాలనేది. పిల్ల వస్తే, తల్లిని ఏదో ఒక వంకతో, పూసలు తెమ్మనో రంగు దారం తెమ్మనో బయటికి పంపేది. తల్లి అటు పోగానే పిల్లను ఒకే ఒక మాట అడిగేది, నీకిష్టమేనా అని. చాలామంది సిగ్గుపడుతూ ఇష్టమే అక్కా అనేవాళ్లు. ఆమె సరేనని రంగులు చూపించేది. ఒక పిల్ల మాత్రం తల వంచుకుని ఊరుకుండిపోయింది. మీ నాయనతో మాట్లాడు, ఈ చీర ఎంతకాలమైనా నా దగ్గర ఉండనీ అని చెప్పి పంపింది. ఆ చీర బీరువాలో చాలా రోజులు ఉంది. తర్వాత ఆ పిల్లే నవ్వుతూ వచ్చి తీసుకుపోయింది. పెళ్లి అదేనో వేరేనో అక్క అడగలేదు.

తన పెళ్లి కథ నాకు ఆమే చెప్పింది. ఒక్కరోజున కాదు. ముడి ముడికీ మధ్య కొంచెం కొంచెంగా.

పెళ్లి దొడ్డబళ్ళాపురంలోనే ఒక సత్రంలో. పెళ్లికొడుకు బెంగళూరులో ఫ్యాక్టరీ పని చేసేవాడు. మంచి కుటుంబం. అంతకు ముందు రెండుసార్లు చూసింది, మాట్లాడింది. వద్దనడానికి ఏ కారణమూ లేదు. పొద్దున్నే తలంటి, పసుపు బట్టలు కట్టి, పసుపుతో చేసిన గౌరమ్మ ముందు కూర్చోబెట్టారు. తల్లి హారతి పళ్లెం సర్దడానికి లోపలికి పోయింది. కాసేపు ఆ గదిలో ఆమె ఒక్కతే ఉంది.

“నాకు నెల దినాల నుంచీ భయంగానే ఉండె” అని చెప్పింది. “ఆ భయం దేవుడు చెప్పిందని నేను అనుకోల్యా. పెండ్లంటే ఎవురికైనా భయమే కదప్పా. ఆ పొద్దు గౌరమ్మ ముందర కూర్చుంటే ఆ భయం పోయె. ఎండలో వచ్చి మజ్జిగ తాగితే ఉంటుంది చూడు, అట్ల ఉండె కడుపులో. అప్పుడు తెలిసె, ఇది నీది కాదు, లెయ్ అని.”

మాట వినపడిందా అని అడిగాను.

“మాట కాదు. నీ పేరు నీకు ఎట్ల తెలుసో అట్ల తెలిసె. ఎవురూ చెప్పాల్సిన పని లేదు కదా దానికి.”

లేచి వంటల వసారాలోకి పోయి తండ్రికి చెప్పింది. ఆయన బియ్యం మూట మీద కూలబడ్డాడు. ఎవరన్నా ఉన్నారా అని అడిగాడు. లేరంది. వాళ్లు ఏమన్నా తప్పు మాట్లాడారా అన్నాడు. లేదంది. మరి ఎందుకని అడిగితే గౌరమ్మ వద్దంది అని చెప్పింది. మేనమామ చెంప మీద కొట్టాడు. ఆడవాళ్లు దిష్టి తీశారు, ముఖాన నీళ్లు చల్లారు, గాలి సోకిందన్నారు. ఆమె మళ్లీ పీట మీద కూర్చోలేదు.

గొడవ పెద్దదవుతుంటే పెళ్లికొడుకే వచ్చాడు. అప్పటికే బాసికం కట్టారు. అందరి ముందూ ఆమెను ఒకే మాట అడిగాడు, నామీద ఏమన్నా కోపమా అని. ఆమె, మీలో తప్పేమీ లేదంది. ఆయన బాసికం విప్పి పురోహితుడి చేతికిచ్చాడు. ఆ పిల్లను బలవంతం చేయొద్దన్నాడు. ఎసట్లో బియ్యం పడ్డాయి, వండింది పారబోయడమెందుకు, అందరినీ కూర్చోమనండి అన్నాడు. తన తరఫువాళ్లను తనే పంక్తిలో కూర్చోబెట్టి తనూ తిన్నాడు. జరగని పెళ్లికి భోజనాలు మాత్రం జరిగాయి. చెప్పేటప్పుడు అక్క గొంతు మారేది అక్కడొక్కచోటే.

తర్వాత ఆమె ఆ ఇంట్లో ఉండటం కష్టమైంది. మేనత్త వచ్చి బెంగళూరుకు తీసుకొచ్చింది. చెల్లెలికి సంబంధాలు రావడం మానేశాయి. అక్క ఇట్లా చేసిన ఇంటి పిల్ల ఎట్లా ఉంటుందోనని వెనక్కు పోయేవాళ్లు. ఆ చెల్లెలి పెళ్లి చాలా ఆలస్యమైంది, అయినదీ గొప్ప సంబంధమేమీ కాదు. ఎన్నో ఏళ్లు ఆ చెల్లెలు ఈమెతో మాట్లాడలేదు. ఆమె భర్త పోయి ఒంటరిదయ్యాక అక్కే పోయి పిలుచుకొచ్చి తన దగ్గర పెట్టుకుంది.

ఎప్పుడైనా బాధపడ్డారా అక్కా అని ఒకసారి అడిగాను.

“పడినా. పండగ దినాల్లో పడినా. జ్వరమొచ్చి నీళ్లిచ్చేవాళ్లు లేనప్పుడు పడినా. బాధపడినంత మాత్రాన తప్పు చేసినట్ల కాదు.”

ఇక్కడ బంధువుల సంగతి చెప్పాలి. వాళ్లంతా ఆ పెళ్లికొడుకు ఎట్లా తేలతాడోనని ఏళ్ల తరబడి చూశారు. దేవుడు వద్దన్నాడంటే ఏదో కారణం ఉండాలి. తాగుబోతు కావాలి, లేదా జబ్బు మనిషి కావాలి, కనీసం పెళ్లాన్ని కొట్టాలి. అప్పుడు లెక్క సరిపోతుంది. ఆయన అవేవీ కాలేదు. ఇంకొకామెను పెళ్లి చేసుకుని అత్తిబెలెలో చిన్న లేత్ మిషన్ల షెడ్డు పెట్టుకున్నాడు. పిల్లల్ని చదివించాడు. భార్యకు పెద్ద జబ్బు చేస్తే షెడ్డు మూసి ఆమె పక్కనే ఉండి బాగుచేసుకున్నాడు. ఈ కబుర్లన్నీ అక్కకు చేరేవి. చేరవేసేవాళ్లు ఆమె ముఖంలోకి చూసేవాళ్లు. ఆమె దారం కొరికి, మంచోడే, నేనెప్పుడు చెడ్డోడన్నా అనేది. ఆయమ్మ అతన్ని గురించి ఏమీ చెప్పలేదప్పా, నన్ను గురించి చెప్పింది అనేది.

ఆ మాట అప్పట్లో నాకు బాగా నచ్చింది. గట్టి మాట, ఎవరూ తిప్పికొట్టలేని మాట అనిపించింది. అది సగమే అని ఆమెకు తెలిసిన రోజున నేను ఆ గదిలోనే ఉన్నాను.

ఒక మధ్యాహ్నం, చీరకు పూసలు గుచ్చడంలో సాయం చేస్తూ కూర్చున్నాను. వాకిట్లో కారు ఆగింది. బొద్దుగా, నవ్వుముఖంతో ఒకామె రెండు చీరల సంచులతో వచ్చింది. చిన్నకూతురి పెళ్లి, కుచ్చులు వేయించాలంది. పిల్ల రాలేదా అని అక్క అడిగింది. పిల్ల ఆఫీసులో ఉంది, వాళ్ల నాయన వచ్చాడు, కారులో కూర్చుని ఉన్నాడు అని, మీకు ఆయన తెలుసు అంది. ఊరి పేరు, సత్రం పేరు చెప్పింది. అక్క చేతిలోని సూది పలక మీద పెట్టింది.

“నేనే పిలుచుకొచ్చినా” అందామె. “ఈయన ఒక మాట కడుపులో పెట్టుకుని ముసలోడైపోయినాడు. పిల్ల పెండ్లి లోపల అడిగేసేయమని నేనే చెప్పినా. నాకేం బాధ లేదమ్మా, నువ్వు లేసిపోకపోయింటే ఈయన నాకు దొరికేవాడే కాదు.”

అక్క లేచి తానే వాకిట్లోకి పోయి పిలిచింది. ఆయన వచ్చి కుర్చీ చివర కూర్చున్నాడు. తెల్ల చొక్కా, నెరిసిన మీసం, చేతులమీద నూనె మరకలు పోని మనిషి. కాఫీ ఇచ్చింది. గ్లాసు పట్టుకునే ఉన్నాడు, తాగలేదు.

“మీరు ఆ పొద్దు నాలో తప్పేమీ లేదంటిరి” అన్నాడు. “నేను నమ్మల్యా. మర్యాదకు చెప్పినారనుకుంటి. చాన్నాళ్లు అద్దం ముందర నిలబడి, ఏముండాది నాలో, ఈ పిల్లకు ఏం కనబడె అని చూసుకుంటా ఉంటి. కొత్తగా పెండ్లయినంక కూడా, ఈమె ఎప్పుడు లేచిపోతుందో అని చూస్తా ఉంటి. అది నిజంగా ఏందో చెబితే సరిపోతుంది. ఇంకేం అడగను.”

ఆమె ఎప్పటి జవాబే చెబుతుందనుకున్నాను. నన్ను గురించి చెప్పింది గానీ మిమ్మల్ని గురించి కాదు అంటుందనుకున్నాను. ఆమె ఆ మాట అనలేదు.

“గౌరమ్మ నాకు చెప్పింది నిజం” అంది. “ఈ పొద్దు అడిగినా అదే చెప్తా. కానీ ఆయమ్మ చెప్పింది లెయ్ అని. మీకు ఒక దినం ముందర చెప్పొద్దనలేదు, తర్వాత ఒక మాట పంపొద్దనలేదు. లేచింది నేను. మీరు అద్దంలో చూసుకున్న దినాలన్నీ నావల్లే. దాన్ని దేవుని మీద వేసి నేను తప్పించుకోను. మన్నించండి.”

ఆయన గ్లాసు ఎత్తాడు. కాఫీ తాగాడు. చల్లారిపోయి ఉంటుంది, అయినా మొత్తం తాగాడు. తర్వాత, ఆ రోజు చిత్రాన్నం బాగా చేశారు, అట్లాంటిది మళ్లీ తినలేదు అన్నాడు. భార్య నవ్వింది. ముగ్గురూ కాసేపు ఆ సత్రం గురించి, అది ఇప్పుడు పడగొట్టి అంగళ్లు కట్టారన్న సంగతి గురించి మాట్లాడుకున్నారు. వాళ్లు వెళ్లేముందు అక్క, మీ పాపను ఒకసారి పంపించండి, రంగులు ఆ పిల్లే చూసుకోవాల అంది.

వాళ్లు పోయాక ఆ సాయంత్రం ఆమె పని ముట్టలేదు. బేకరీకీ పోలేదు. నాకు ఒక్క మాట వచ్చింది, దాని వెనకాల ఎంతమంది నిలబడి ఉండారో నేను తిరిగి చూడలేదు అంది, నాతోనో తనతోనో. మరుసటి రోజు చెల్లెల్ని పక్కన కూర్చోబెట్టుకుని చాలాసేపు మాట్లాడింది. తలుపు వేసి ఉంది. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు. ఆ తర్వాత ఆ చెల్లెలు ఆమెను నువ్వు అనడం మానేసి అక్కా అని పిలవడం మాత్రం విన్నాను.

నా విషయం అది జరిగిన కొన్నేళ్లకు వచ్చింది.

మాకు పిల్లలు లేరు. వైద్యాలన్నీ అయ్యాక దత్తతకు పేరిచ్చాం. ఏళ్లు గడిచాయి. ఒకరోజు ఫోన్ వచ్చింది. నాలుగేళ్ల పాప ఉంది, ఎడమ పాదం లోపలికి తిరిగి ఉంది, ఒక ఆపరేషన్ అయింది, ఇంకా అవసరం కావచ్చు, మాటలు తక్కువ, ఏ సంగతైనా త్వరగా చెప్పాలి అన్నారు. మేం చంటిబిడ్డ వస్తుందనుకుంటూ ఉన్నాం. మా అత్తగారు ఫోన్‌లో, దేవుణ్ణి అడక్కుండా ఏ మాటా ఇవ్వొద్దంది. మా ఆయన నీకు ఎట్లా అనిపిస్తే అట్లా అన్నాడు. ఆ మాటకు నాకు ఏడుపూ కోపమూ రెండూ వచ్చాయి. ఇంత బరువు నా ఒక్కదాని నెత్తిన పెడతాడా అనిపించింది.

గుడికి పోయాను. జనం పలచబడేదాకా మంటపంలో కూర్చున్నాను. ఇంట్లో దీపం పెట్టి కూర్చున్నాను. భయం పోతుందేమో, ఆమె చెప్పిన చల్లదనం వస్తుందేమో అని చూశాను. భయం పోలేదు. కడుపులో ఏమీ కాలేదు. కాళ్లు తిమ్మిర్లెక్కాయి అంతే.

కిందికి దిగి, అక్కా, మీరొకసారి అడిగి చెప్పండి అన్నాను. ఇన్నేళ్లలో నేను కూడా ఆ రెండో రకం మనిషినవుతానని అనుకోలేదు. ఆమె నాకూ అదే చెప్పింది, నాకు ఒక్కసారే చెప్పింది అని. నేను ఏడ్చాను. గుడిలో కూర్చున్న సంగతి, ఏమీ రాని సంగతి చెప్పాను.

“రాకపోతే రాలేదని ఒప్పుకో పాపా. వచ్చినట్ల నటించొద్దు” అంది. “నేను ఈ ఇంట్లో ఉండాలని అనుకున్నప్పుడు ఆయమ్మ చెప్పలేదు. కండ్ల ఆపరేషన్‌కు చెప్పలేదు. చెల్లెల్ని పిలుచుకొచ్చేటప్పుడు, ఇది మాట్లాడకపోతే ఎట్ల అని ఎంత యోచన చేసినానో నాకే తెలుసు. అప్పుడూ చెప్పలేదు. అన్నీ నేనే చేసుకుంటి. ఆ బిడ్డను చూసినావా?”

ఫొటో చూశానన్నాను.

“ఫొటో చూసి చీర రంగు కూడా చెప్పలేం. పోయి చూసి రాపో.”

నేనూ మా ఆయనా పాప ఉండే ఆశ్రమానికి పోయాం. మనసు కరిగే దృశ్యమేదో ఉంటుందనుకుని పోయాను. అట్లాంటిదేమీ జరగలేదు. పాప మమ్మల్ని చూసి గోడ వైపు తిరిగి కూర్చుంది. ఇచ్చిన బిస్కట్లు వీపు మావైపు పెట్టే తిన్నది. పేరడిగితే చెప్పలేదు. వచ్చేటప్పుడు టాటా చెప్పమని ఆయా అంటే చెయ్యి వెనక్కు దాచుకుంది.

ఆటోలో తిరుగుదారి పట్టాం. మా ఆయన, పాదానికి ఏ ఆసుపత్రిలో చూపిస్తే మేలో తన ఆఫీసులో ఒకాయనకు తెలుసన్నాడు. నేను, మన సందు చివర బడిలో చిన్న తరగతులు కిందనే ఉన్నాయి, మెట్లెక్కే పని లేదన్నాను. ఆయన, మన ఇంటికే మెట్లున్నాయి కదా అన్నాడు. కొన్నాళ్లు ఎత్తుకుంటాం అన్నాను. బరువెక్కితే అన్నాడు. అప్పటికి తనే ఎక్కుతుంది అన్నాను. మార్కెట్ దగ్గర సిగ్నల్లో ఆటో ఆగినప్పుడు ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఎప్పుడు ఒప్పుకున్నామో ఇద్దరికీ తెలియదు. ఒప్పుకోవడం అయిపోయింది.

ఇంటికి వచ్చి అక్కకు చెప్పాను. ఆమె సంతోషమని గానీ దేవుడి దయ అని గానీ అనలేదు. ఆ బిడ్డ ఏం తింటుందో కనుక్కున్నావా అని అడిగింది. కనుక్కోలేదు. పెద్ద తల్లివే అంది.

పాప వచ్చిన మొదటి నెలలు కష్టంగానే గడిచాయి. రెండో ఆపరేషన్ అయింది. మాతో సరిగా మాట్లాడేది కాదు గానీ, కింద అక్క దగ్గర, వేలాడే రంగు దారాల పక్కన గంటల తరబడి కూర్చునేది. అక్క పాపను ముద్దు చేసేది కాదు, జాలీ పడేది కాదు. ఎర్రది తియ్యి, అది కాదు, పక్కది అని పని చెప్పేది. ఇద్దరూ సాయంత్రం బేకరీకి పోయేవాళ్లు. ఆమె మోకాళ్లు, పాప పాదం, ఇద్దరికీ నెమ్మదే. పాప మొదట గట్టిగా అరిచి మాట్లాడిన మాట, ఎవరో అవుటయ్యారని టీవీ ముందు అక్కతో కలిసి తిట్టిన తిట్టు. మాకు సిగ్గేసింది. అక్క మాత్రం, సరిగ్గానే తిట్టింది కదా అంది.

పోయిన ఏడాది ఆమె పోయింది. పొద్దున కాఫీ తాగుతూ గుండె పట్టుకుంది. ఆసుపత్రికి తీసుకుపోయాం. మధ్యాహ్నానికి అయిపోయింది. చెల్లెలు, మేం పక్కనే ఉన్నాం. మధ్యలో ఒకసారి కళ్లు తెరిచి, ఒప్పుకున్న చీరలు ఎవరివి వాళ్లకిచ్చేయమంది. దేవుడి మాటేమీ రాలేదు.

వైకుంఠ సమారాధన రోజు బంధువులు చాలామంది వచ్చారు. భోజనాలయ్యాక అందరూ కూర్చుని ఉన్నప్పుడు చెల్లెలు ఆ పెళ్లి కథ మొదటినుంచి చెప్పింది. గౌరీపూజ, మేనమామ కొట్టిన దెబ్బ, బాసికం, భోజనాలు. తనకు సంబంధాలు రాని సంగతి కూడా చెప్పింది, కోపం లేకుండా. మా పాపకు అప్పటికి పదిహేనేళ్లు. ఆ కథ అంతవరకు తునకలుగానే విన్నది. గోడకానుకుని మొత్తం విన్నది.

సాయంత్రం పైకి వచ్చాక నేను గిన్నెలు సర్దుతుంటే వంటింటి గడప దగ్గర నిలబడింది.

“మమ్మీ, నన్ను అడాప్ట్ చేసుకునేటప్పుడు నీకు కూడా అట్లా ఏమైనా తెలిసిందా? గాడ్ చెప్పినట్టు?”

చెప్పిందని అనవచ్చు. పిల్లకు జీవితమంతా దాచుకోవడానికి ఒక మంచి కథ దొరుకుతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

“లేదు” అన్నాను. “చాలా అడిగినా. ఏమీ తెలియలేదు.”

“మరి?”

“నిన్ను చూసి వస్తూ ఆటోలో నాన్నా నేనూ ఏ ఆసుపత్రి, ఏ స్కూలు అని మాట్లాడుకున్నాం. ఇంటికొచ్చేసరికి నువ్వు మా పిల్లవైపోయినావు.”

“అంటే మీరే అనుకున్నారు.”

“మేమే.”

నా చేతిలో గిన్నె తీసుకుని అరలో పెట్టింది.

“మంచిదే” అంది. “ఎవరో ఆర్డరేస్తే తెచ్చుకున్నట్టు లేదు.”

కింద వడలు ఇంకా ఉన్నాయేమో చూసి వస్తానని మెట్లు దిగిపోయింది.